అభిమాని కంట జార్జి హారిసన్

తాను ఆరాధించిన గాయకుని జీవితాన్ని తెరపై చూడబోయినప్పుడు అభిమానికి ఒక జంకు కలుగుతుంది. మనసులో కట్టుకొన్న మూర్తి చెదరునేమో అన్నదే ఆ జంకు. మార్టిన్ స్కోర్సెసీ 2011లో జార్జి హారిసన్‌ను గూర్చి తీసిన 'లివింగ్ ఇన్ ది మెటీరియల్ వర్ల్డ్' అను డాక్యుమెంటరీని చూచుటకు నేను చాలకాలము వెనుకాడినది అందువల్లనే.

మాది సిరిసిల్ల. మగ్గాల చప్పుడులో పెరిగినవాడను. 1980ల నాటికి మా ప్రాంతపు యువకులు బ్రతుకు తెరువుకై గల్ఫ్ దేశాలకు పోవుచుండిరి. కోరుట్లలో కాపురమున్న మా అన్న దుబాయి నుండి ఒక టేప్‌రికార్డరు తెచ్చినాడు. వెంట వచ్చిన క్యాసెట్టులో 1970 నాటి 'మై స్వీట్ లార్డ్' ఉన్నది. క్రైస్తవ స్తోత్రపదము, కృష్ణనామము ఒకే పాటలో వినబడగా మా బాపు మగ్గమాపి, "ఎవడురా ఈ దొర? మన భజన పాడుతున్నడు!" అన్నాడు. ఆనాటి నుండి నేను హారిసన్ భక్తుడను.

చిత్రము 208 నిమిషాలది, రెండు భాగాలు. 1943లో లివర్‌పూల్‌లో పుట్టిన బాలుడు బీటిల్స్ బృందములో లోకప్రసిద్ధుడైన వృత్తాంతము మొదటిది. అంతటి కీర్తి గడించినవాడు 1966లో పండిత రవిశంకర్ ఎదుట నేలపై కూర్చుండి సితారు ఓనమాలు దిద్దుకొన్నాడు. విద్యార్థులు గమనింపదగిన ఘట్టమిది. ఆ గురుశిష్య బంధమే 1971 ఆగస్టు 1న న్యూయార్కులో బంగ్లాదేశ్ శరణార్థుల సహాయార్థము కచేరీలు జరిపించినది. ఆనాడు సితారు శ్రుతి చేసికొనుటనే కచేరీ అనుకొని శ్రోతలు చప్పట్లు కొట్టినారట! ఆ కచేరీల వసూలు 2,43,418 డాలర్లు యూనిసెఫ్‌కు చేరినది; రికార్డుల వల్ల, సినిమా వల్ల వచ్చిన ధనము మాత్రము పన్నుల తగవులలో ఏండ్ల తరబడి చిక్కుకొన్నది.

నాకొక అసంతృప్తి లేకపోలేదు. 1987 నాటి 'క్లౌడ్ నైన్' వంటి తరువాతి కృషికి చిత్రములో తగిన చోటు దక్కలేదు. అయినను దర్శకుడు తన నాయకుని దేవునిగా నిలుపలేదు. సంసారములోని ఒడిదుడుకులను భార్య ఒలీవియాయే దాచక చెప్పినది.

చివర రింగో స్టార్ ఒక సంగతి చెప్పును. హారిసన్ మరణశయ్యపై లేవలేక పడియున్నాడు. రింగో కుమార్తెకు మెదడులో కణితి. అతడు బోస్టన్ పోవలసియున్నది. నేను తోడు రావలెనా అని హారిసన్ అడిగినాడట. చెప్పుచునే రింగో కంటనీరు పెట్టుకొన్నాడు.

నేనక్కడ చిత్రము ఆపివేసితిని. మా అన్న కడపటి దినాలలో నేను జగిత్యాలలో ఉపాధ్యాయుడను. కోరుట్లకు ముప్పై కిలోమీటర్లు కూడ లేదు. ఫోనులో అన్న, "పరీక్షలున్నయి గద, పిల్లల పని చూడు, నాకేం గాదు" అన్నాడు. ఆ మాట నమ్మి నేను పోలేదు. తాను పోవుచు కూడ అన్న నా పనిని గూర్చియే తలచినాడని ఇన్నేండ్లకు తెలిసినది.

ఆ టేప్‌రికార్డరు ఇప్పుడు పలుకదు. క్యాసెట్టు మాత్రము నా బల్లపై ఉన్నది.