మెడనొప్పికి మార్కులేసే కాగితం

మెడ ఎక్స్‌రేలో ఎముకలు అరిగినట్టు కనిపిస్తున్నా ఏ బాధా లేకుండా తిరిగేవాళ్లు ఎందరో ఉన్నారు. ఎక్స్‌రేలో ఏ తేడా లేకున్నా రాత్రంతా దిండు సర్దుకుంటూ గడిపేవాళ్లూ ఉన్నారు. నొప్పి మనిషి రోజును ఎంత చెడగొడుతోందో ఎక్స్‌రే చెప్పలేదు. అందుకు రోగినే అడగాలి, అదీ ఓ పద్ధతిలో అడగాలి.

ఆ పద్ధతిని కెనడాకు చెందిన హోవర్డ్ వెర్నన్, సిల్వానో మయోర్ 1991లో ప్రచురించారు. పేరు నెక్ డిజెబిలిటీ ఇండెక్స్. నడుంనొప్పి కోసం ఇంగ్లండ్‌లో తయారై 1980లో అచ్చయిన ఆస్వెస్ట్రీ ప్రశ్నావళే దానికి ఆధారం. నడక, కూర్చోవడం, నిలబడటం లాంటివి వదిలేసి, మెడనొప్పితో ముడిపడిన తలనొప్పి, చదవడం, ఏకాగ్రత, డ్రైవింగ్ వంటివి చేర్చారు.

మొత్తం 10 అంశాలు, ఒక్కోదాని కింద 6 వాక్యాలు. బరువులెత్తడమే చూడండి. ఎంత బరువైనా నొప్పి పెరగకుండా ఎత్తగలిగితే 0. నేల మీది బరువు ఎత్తలేక, బల్ల మీద అందుబాటులో పెడితే ఎత్తగలిగితే 2. ఏదీ ఎత్తలేకపోతే 5. అన్నీ కలిపి 50 మార్కులు. 15 నుంచి 24 దాకా వస్తే ఇబ్బంది మధ్యస్థం, 34 దాటితే సంపూర్ణం. కొరడా దెబ్బలా మెడ విసురుగా ఊగి గాయపడిన 17 మందికి ఇదే కాగితాన్ని రెండుసార్లు ఇచ్చి చూస్తే, రెండు జవాబుల పొంతన 0.89 వచ్చింది. గరిష్ఠం 1 కాబట్టి, ఇది నమ్మదగ్గ అంకె.

తర్వాత ఈ కాగితం ఎన్నో భాషల్లోకి వెళ్లింది. ఇలాంటి ప్రశ్నావళులను ఎలా అనువదించాలో 2000లో పరిశోధకురాలు బీటన్, ఆమె సహచరులు రాసిన మార్గదర్శకాలను ఇప్పటికీ చాలామంది పాటిస్తున్నారు. ఇద్దరు విడివిడిగా అనువదిస్తారు. వారిలో ఒకరికి వైద్య విషయం తెలిసి ఉండకూడదు. రెంటినీ కలిపి ఒకటి చేశాక, మూలం చూడని మరో ఇద్దరు దాన్ని తిరిగి మొదటి భాషలోకి మారుస్తారు. నిపుణులు తేడాలు సరిచేస్తారు. ఆపై 30, 40 మంది చేత నింపించి, ఏం అర్థమైందో ఒక్కొక్కరినీ అడుగుతారు.

నా దృష్టిలో అన్నిటికన్నా విలువైన మెట్టు ఈ చివరిదే. స్థానిక జీవితానికి అతకని ప్రశ్న బయటపడేది ఇక్కడే. ఉదాహరణకు, డ్రైవింగ్ ప్రశ్నకు చాలా దేశాల్లో జవాబు ఖాళీగా వచ్చింది. కారు లేనివాళ్లు ఏం రాస్తారు? అప్పుడు మిగతా 9 అంశాలతో 45కి లెక్కగట్టి శాతం తీస్తారు. లెక్క సరిపోతుంది కానీ, రోజంతా వంగి నాట్లు వేసే మనిషి మెడ కష్టం ఆ కాగితంలో సరిగ్గా పడదు. అలాంటప్పుడు ఆ స్థానంలో అక్కడి జీవితానికి తగిన పనిని పెట్టడానికి మార్గదర్శకాలు ఒప్పుకుంటాయి. నేనైతే ధైర్యంగా పెట్టాలనే అంటాను. బస్సులో కడ్డీ పట్టుకుని నిలబడటం, నెత్తిన మూట మోయడం అడగదగ్గ ప్రశ్నలే.

అయితే ప్రశ్న మారితే పాత 0.89 అండ ఉండదు. స్థానిక రోగులకు కొన్ని రోజుల తేడాతో రెండుసార్లు ఇవ్వాలి, నొప్పి కొలతలతో పోల్చాలి, చికిత్సతో తేలికపడ్డవాళ్ల మార్కులు నిజంగా తగ్గుతున్నాయో లేదో చూడాలి.