ఏకపక్షం అంటే ఏంటి? ఎక్కడ వాడాలి, ఎక్కడ వాడకూడదు?

ఈ రోజు మన మాట ‘ఏకపక్షం’. న్యూస్‌లో రోజూ వింటాం. మనం మాట్లాడేటప్పుడు మాత్రం ‘వన్‌సైడ్’ అనేసి వదిలేస్తాం.

ఏక అంటే ఒక. పక్షం అంటే రెక్క, వైపు. రెక్కలుంటాయి కాబట్టే పక్షి. ప్రతిపక్షం, అఖిలపక్షం, పక్షపాతం అన్నీ ఈ పక్షంలోంచి వచ్చినవే. ఒకే రెక్కతో ఏ పక్షీ ఎగరదు కదా, అలాగే ఏకపక్షం అన్నామంటే రెండో వైపు కూడా ఒకటి ఉందన్నమాట. ఉంది, కానీ దాన్ని అడగలేదు. అదండీ అసలు పాయింట్. మీ రూమ్‌కి మీరొక్కరే ఉండి రంగు మార్చుకుంటే అది మీ ఇష్టం. ముగ్గురున్న రూమ్‌లో ఒక్కడే డిసైడ్ చేసేస్తే అది ఏకపక్షం.

మరి వన్‌సైడ్ లవ్‌ని ఏకపక్ష ప్రేమ అనొచ్చా? అంటారు, అర్థమవుతుంది కూడా. నన్నడిగితే ప్రేమించడం వరకూ మీ సొంత విషయమే. ఆ అమ్మాయిని అడక్కుండా ఆమె ఫోటో స్టేటస్‌లో పెట్టారనుకోండి, అక్కడ మొదలైంది ఏకపక్షం.

చాలామంది దీన్ని ఏకగ్రీవంతో కలిపేస్తారు. గ్రీవం అంటే మెడ. ఏకగ్రీవం అంటే అందరిదీ ఒకటే గొంతు అని. 2021 పంచాయతీ ఎన్నికల్లో ఏకగ్రీవం చేసుకున్న ఊళ్ళకి జనాభాని బట్టి 5 లక్షల నుంచి 20 లక్షల దాకా ఇస్తామని ప్రభుత్వం ప్రకటించింది గుర్తుందా? రెండో అభ్యర్థి తనంతట తను తప్పుకుంటే ఏకగ్రీవం. అసలు నామినేషనే వెయ్యనివ్వలేదనుకోండి, కాగితం మీద ఏకగ్రీవం అనే ఉంటుంది, ఊళ్ళో జరిగింది మాత్రం ఏకపక్షం.

కోర్టులో దీన్నే ఎక్స్‌పార్టీ అంటారు. సివిల్ కేసులో సమన్లు అందుకుని కూడా వెళ్ళకపోతే అవతలివాళ్ళ మాట మాత్రమే విని డిక్రీ ఇచ్చెయ్యొచ్చు. దాన్ని పక్కన పెట్టమని అడగడానికి డిక్రీ తేదీ నుంచి 30 రోజులే గడువు. సమన్లు సరిగ్గా అందకపోతే, డిక్రీ సంగతి మీకు తెలిసిన రోజు నుంచి ఆ 30 రోజులు లెక్క. ఇంటికి కోర్టు కాగితం వస్తే టీవీ మీద పడేసి మర్చిపోకండి, ప్లీజ్.

ఇప్పుడు మన అమలాపురం సంగతికి వద్దాం. 2022 ఏప్రిల్ 4న కోనసీమ జిల్లా వచ్చింది. మే 18న దానికి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు పెడుతూ ప్రాథమిక నోటిఫికేషన్ ఇచ్చి, అభ్యంతరాలుంటే 30 రోజుల్లో చెప్పమన్నారు. మే 24న అమలాపురంలో మంత్రి పినిపే విశ్వరూప్, ఎమ్మెల్యే పొన్నాడ సతీష్ ఇళ్ళకి నిప్పు పెట్టారు. గడువులో ఇంకా మూడు వారాలు మిగిలే ఉంది. పేరు ఏకపక్షంగా పెట్టేశారని అనేవాళ్ళకి నేను చూపించేది ఆ 30 రోజులే. అభిప్రాయం అడిగారు. ఇళ్ళు తగలబెట్టినవాళ్ళు ఎవర్నీ అడగలేదు. జూన్ 24న క్యాబినెట్ ఆ పేరుకే ఓకే చెప్పింది.

గొడవ తర్వాత నెట్ ఆపేశారు. రోజుల తరబడి. వర్క్ ఫ్రమ్ హోమ్ చేసుకునేవాళ్ళు లాప్‌టాప్ పట్టుకుని సిగ్నల్ కోసం గోదావరి గట్టు దాకా వెళ్ళేవాళ్ళు. ఇది ఏకపక్షమా? ఆయ్, ముమ్మాటికీ. నెట్ ఆపేముందు మనల్నెవరూ అడగరు, పుకార్లు పాకుతున్నప్పుడు అడిగే టైమూ ఉండదు. అందుకే చట్టం వేరే చోట బ్రేకులు పెట్టింది. 2024 దాకా అమల్లో ఉన్న 2017 రూల్స్ ప్రకారం మామూలుగా హోం సెక్రటరీ స్థాయిలో ఆర్డర్ ఉండాల్సి వచ్చేది, రివ్యూ కమిటీ 5 పనిదినాల్లో దాన్ని చూడాల్సి ఉండేది. 2020 నవంబర్ సవరణతో ఒక ఆర్డర్ 15 రోజులకి మించి నడవకూడదన్నారు. అనురాధా భసీన్ కేసులో 2020 జనవరి 10న సుప్రీంకోర్టు, అలాంటి ఆర్డర్లని బయటపెట్టాల్సిందేనంది. ఆర్డర్ కాగితం చేతిలో ఉంటేనే కదండీ, రెండో పక్షం కోర్టుకెళ్ళి మాట్లాడగలిగేది.