అక్షరం ఎవరి చెవికి?

సాహిత్యం ప్రజలందరిదీ అని సభల్లో ఎన్నోసార్లు తీర్మానించుకున్నాం. ఆ ‘అందరి’లో చూపు లేని పాఠకుడు ఉన్నాడా? ఈ ప్రశ్నకు జవాబు దయాగుణంలో దొరకదు. పనిముట్టు నిర్మాణంలో వెతకాలి.

వెంకటేశ్ పోట్లూరి పరిశోధనను ఈ దృష్టితో పరిశీలించాలి. హైదరాబాదు ట్రిపుల్ ఐటీలో చదివి, మైక్రోసాఫ్ట్ రీసెర్చ్ ఇండియాలో పనిచేసి, అమెరికాలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో డాక్టరేటు పొంది, మిచిగన్ విశ్వవిద్యాలయంలో అధ్యాపకుడైన ఈయనకు చూపు లేదు. మనిషికీ కంప్యూటరుకూ గల సంబంధమే ఆయన అధ్యయన రంగం.

చూపు లేనివారు స్క్రీన్ రీడర్ సాయంతో కంప్యూటరు వాడతారు. అది తెరమీది అక్షరాలను పైకి చదువుతుంది. చూపున్న ప్రోగ్రామరుకు పుట మొత్తం ఒక్క చూపులో అందుతుంది. తప్పు ఎక్కడుందో ఎర్రగీత చెబుతుంది. చెవికి మాత్రం వరస తర్వాత వరస తప్పదు. 2018లో పోట్లూరి, ఆయన సహచరులు ప్రకటించిన ‘కోడ్‌టాక్’ పరిశోధన ఈ చిక్కును నాలుగుగా విడదీసింది: ఉన్న సౌకర్యాన్ని కనుక్కోవడం, సారాన్ని చప్పున గ్రహించడం, కావలసిన చోటికి చేరడం, జరిగినది వెంటనే తెలియడం. పరిష్కారాలూ చూపింది. తప్పు దొర్లితే ధ్వని వినిపిస్తుంది. ప్రోగ్రాము నడుస్తుండగా కోరినచోట అదే మాట్లాడుతుంది.

ఇందులోని అసలు విషయం యంత్రం కాదు, దృక్పథం. మన కథల్లో అంధుడు చాలాకాలం జాలికి పాత్రుడుగానే మిగిలాడు. ఇక్కడ అతడు శ్రామికుడు, పనిముట్టును సరిచేసే నిర్మాత. లోపం మనిషిలో లేదు, చూపున్నవారినే ఊహించుకొని కట్టిన ఏర్పాటులో ఉంది.

అయితే పనిముట్టు ఎవరి చేతిలో ఉందన్నది కూడా అడగాలి. కోడ్‌టాక్ ఒక పెద్ద కంపెనీ సాఫ్ట్‌వేరుకు అనుబంధంగా తయారైంది. 2006లో ఆస్ట్రేలియాలో చూపు లేని యువకులు మొదలుపెట్టిన ఎన్‌వీడీఏ స్క్రీన్ రీడర్ మాత్రం ఎవరికైనా ఉచితం.

ఇక మన సంగతి. తెలుగు 1991లోనే యూనికోడ్‌లో చేరింది. అయినా పాత ఖతుల్లో కూర్చిన పత్రికలు, పుస్తకాలు ఎన్నో ఉన్నాయి. వాటిలో ఇంగ్లీషు సంకేతాలకు తెలుగు ఆకారాలు తొడిగారు. అచ్చులో అక్షరం ముద్దుగానే కనిపిస్తుంది. స్క్రీన్ రీడరుకు అర్థంలేని శబ్దాల కుప్ప. పుటను ఫోటో తీసి పెడితే ఆ శబ్దమూ ఉండదు. వికలాంగులకు అందే రూపంలో ప్రతులు తయారుచేయడానికి కాపీరైటు చట్టం 2012 సవరణతోనే వీలు కల్పించింది. కనుక చట్టాన్ని సాకుగా చెప్పలేం.

1874లో వీరేశలింగం గారు ‘వివేకవర్ధని’ ప్రారంభించారు. తర్వాత గిడుగు వారు వ్యవహార భాష కోసం పోరాడారు. రాత ఎవరికోసం అన్నదే ఆ పోరాటంలోని ప్రశ్న. అదే ప్రశ్న ఇప్పుడు ఖతి రూపంలో మన ముందుకొచ్చింది. ఇకముందు ప్రతి సంచికనూ యూనికోడ్‌లో కూర్చుదాం, బొమ్మ పక్కన దాని వివరణ రాద్దాం. విడుదలకు ముందు ఒకసారి కళ్లు మూసుకొని స్క్రీన్ రీడరుతో విందాం. మనకే అర్థం కానిది ప్రజలందరిదీ ఎలా అవుతుంది?