‘పాల్గొనుట’లోని పాలు

భవానీపురం రేవున నిలిచి చూచినవారికి కృష్ణ నిండుగా, నిదానంగా కనిపిస్తుంది. దిగువన 1957లో పూర్తయిన ప్రకాశం బ్యారేజి ఆ నీటిని నిలిపి తూర్పు, పడమటి డెల్టాల కాలువలకు పంచుతున్నది. పంపకం ఉన్నచోట ‘పాలు’ అనే మాట వినిపించక మానదు. ఇవి ఆవుపాలు కావు. పాలు అనగా వాటా.

ఇంగ్లీషులో ‘టేక్ పార్ట్’ అనే పలుకుబడి కలదు. విద్యార్థి దానిని ‘భాగం తీసుకొను’ అని తెలిగిస్తే ఉపాధ్యాయుడు కొట్టివేసి ‘పాల్గొను’ అని దిద్దుతాడు. దిద్దుట న్యాయమే. అయినా ఆ తప్పులో ఒక నిజమున్నది. పాలు అనగా భాగం, కొను అనగా తీసుకొను. ఈ రెండూ కలిసి ‘పాలుగొను’, ‘పాల్గొను’ అయినవి. ‘పార్టిసిపేట్’కు మూలమైన లాటిను మాటలోనూ ఉన్నవి భాగము, గ్రహించుటయే. దూరపు భాషలు రెండు ఒకే తలపుతో మాట కట్టుకున్నవి.

దాయాదిని పాలివాడన్నాము. వరదలో పోయిన పంట నీళ్లపాలైనదంటాము. అన్నింటా వాటాయే అర్థం. కనుక హాజరగుట వేరు, పాల్గొనుట వేరు. ‘సభకు హాజరైనారు’, ‘సభలో పాల్గొన్నారు’ అనుటలో విభక్తితోపాటు భావమూ మారుతుంది. పెండ్లిలో అక్షతలు వేసి భోజనం చేసి వెళ్లినవాడు హాజరైనాడు. పందిరి వేసి, వడ్డనకు నిలిచినవాడు పాల్గొన్నాడు. పత్రికలలో సభావార్తలు తరచుగా ‘తదితరులు పాల్గొన్నారు’ అని ముగుస్తవి. వారిలో నిజంగా పాలు గొన్నవారెందరో!

ఈ భేదం డెల్టా రైతుకు కొత్త కాదు. కృష్ణ ఆనకట్ట పూర్తయిన మూడేండ్లకు, 1858లో, మద్రాసు రాజధానిలో ఒక చట్టం వచ్చినది. వరదకు గట్లు తెగే ప్రమాదమున్నప్పుడు గ్రామస్థులచేత నిర్బంధంగా పని చేయించవచ్చునని, సాగునీటి పనులలో వాడుకగా వస్తున్న శ్రమను వసూలు చేయవచ్చునని దాని సారాంశం. అందులో రైతు చేతికి పని ఉన్నది, మాటకు చోటు లేదు. 1997లో ఆంధ్రప్రదేశ్ చేసిన చట్టం రైతులు ఎన్నుకునే నీటి వినియోగదారుల సంఘాలకు కాలువల నిర్వహణలో బాధ్యత కల్పించినది. మొదటిది పని చేయించుట. రెండవది, సక్రమంగా సాగితే, పాల్గొననిచ్చుట.

బడిలోనూ ఇంతే. నాటకంలో తెర లాగిన బాలుడు పాల్గొన్నవాడే. వరుసలో ఊరక నిలబెట్టిన బాలుడు కాడు. ‘పాల్గొన్నాను’ అని వ్రాసే విద్యార్థి ‘ఇందులో నా పాలు ఏది?’ అని ఒక్కసారి ప్రశ్నించుకుంటే వాక్యమూ, పనీ రెండూ చక్కబడతవి.