సూది గుచ్చుకొన్నచో, రక్తము తగిలినచో ఏమి చేయవలెను?



హైదరాబాదులో యూసుఫ్‌గూడకు దాపుననే, పంజగుట్టయందు, నిజాం వైద్య విజ్ఞాన సంస్థ కలదు. దీనినే ప్రజలు నిమ్స్ అందురు. 1989 నాటి చట్టముచే దీనికి విశ్వవిద్యాలయ ప్రతిపత్తి లభించినది. ఇట్టి బోధనాసుపత్రులలో రోగికి వాడిన సూది నర్సుకుగాని, విద్యార్థికిగాని గుచ్చుకొన్నచో వెంటనే ఏమి చేయవలెనో ముందే నిర్ణయింపబడి యుండును. పశువుల కొట్టములో వాడిన సూది చేతికి గుచ్చుకొన్న రైతు మాత్రము పంచెకు తుడుచుకొని మరల పనిలో పడును. ఆసుపత్రిలోని నియమములు ఖరీదైనవి కావు. సబ్బు, నీరు, కాలవిలంబము చేయకుండుట, ఈ మూడే వానిలో ముఖ్యమైనవి. ఇవి మీకును అందుబాటులో నున్నవే.

రక్తము ద్వారా వచ్చు వ్యాధులు

మనుష్యుల రక్తము ద్వారా సోకు వ్యాధులలో ముఖ్యమైనవి మూడు: హెపటైటిస్-బి, హెపటైటిస్-సి, హెచ్.ఐ.వి. మొదటి రెండును కాలేయమును చెరచును. వ్యాధి గలవాని రక్తము అంటిన సూది గుచ్చుకొన్నచో హెచ్.ఐ.వి. వేయిమందిలో సుమారు ముగ్గురికి సోకును. హెపటైటిస్-సి నూటికి సుమారు ఇద్దరికి సోకును. హెపటైటిస్-బి యైనచో, టీకా వేయించుకొననివారిలో నూటికి 6 మొదలు 30 మంది వరకు సోకవచ్చును. పైగా ఈ వైరస్ ఎండిన రక్తపు మరకలో సయితము ఏడు దినములు బ్రతికి యుండగలదు. మనిషిని చూచి అతని రక్తములో ఏమున్నదో చెప్పజాలము. కావున ఎవరి రక్తమైనను ప్రమాదకరమనియే ఎంచి జాగ్రత్తపడవలెను.

అయితే అనవసరముగా భయపడరాదు. కలిసి భుజించుటవలనగాని, చేయి కలుపుటవలనగాని, దోమకాటువలనగాని ఇవి సోకవు. గాయములేని చర్మముపై రక్తము పడినంతమాత్రమున సాధారణముగా ప్రమాదము లేదు, కడిగివేసినచో చాలును.

రైతునకు ఈ ప్రమాదము ఎచ్చట కలదు?

పట్నపు చెత్తను ఎరువుగా తెచ్చుకొను రైతులకు అందులో వాడిపారేసిన సూదులు దొరకుచుండును. 2016 నాటి నిబంధనల ప్రకారము ఆసుపత్రులు సూదులను గుచ్చుకొనిపోని తెల్లని డబ్బాలలో వేరుగా వేయవలెను. అయినను చెత్తకుప్పను వట్టి చేతులతో ఎన్నడును కెలకరాదు. పలుగుపారలతోనే తిరుగవేయుడు. ఒకే బ్లేడుతో పలువురికి క్షౌరము చేయుట, ఒకే సూదితో పలువురికి మందు ఎక్కించుట, రోడ్డు ప్రమాదములో గాయపడినవానిని వట్టి చేతులతో ఎత్తుట, ఇవియు ప్రమాదకరములే. క్షౌరమునకు క్రొత్త బ్లేడును, ఇంజక్షనుకు మీ యెదుట విప్పిన క్రొత్త సూదిని అడిగి వాడించుకొనుడు.

వెంటనే చేయవలసిన పనులు

1. గాయమును సబ్బుతో, పారుచున్న నీటితో బాగుగా కడుగుడు. కంటిలో రక్తము చిందినచో మంచినీటితో కడుగుడు. నోటిలో పడినచో ఉమ్మివేసి పలుమారులు పుక్కిలింపుడు.

2. గాయమును పిండరాదు. నోటితో పీల్చరాదు. సున్నము, కిరసనాయిలు, పసుపు మొదలగునవి పూయరాదు.

3. ఆలస్యము చేయక ప్రభుత్వాసుపత్రికి పొండు. హెచ్.ఐ.వి. సోకకుండ ఇచ్చు మందును రెండు గంటలలోగా మొదలిడుట ఉత్తమము. 72 గంటలు దాటినచో ఆ మందువలన ప్రయోజనముండదు. మొదలిడిన పిదప 28 దినములు విడువక వాడవలెను. "రేపు సంత చూచుకొని పోవుదము" అనుకొన్నచో ఆ అవకాశము చేజారును.

4. సూది ఎచ్చటిది, ఎంత లోతుగా దిగినది, ఎన్ని గంటలకు గుచ్చుకొన్నది, మీరు ఏయే టీకాలు వేయించుకొన్నారు అను సంగతులు వైద్యునకు దాచక చెప్పుడు. ధనుర్వాతపు టీకా అవసరమా అనియు అడుగుడు.

5. వైద్యుడు చెప్పిన గడువులలో మరల రక్తపరీక్ష చేయించుకొనుడు. అంతవరకు రక్తదానము చేయరాదు.

సందేహములున్నచో 1097 నంబరుకు ఉచితముగా ఫోను చేయవచ్చును.

టీకా సంగతి

పై మూడింటిలో టీకా కలది హెపటైటిస్-బి ఒక్కటే. 1997లో హైదరాబాదుకు చెందిన శాంతా బయోటెక్నిక్స్ సంస్థ ఈ టీకాను స్వదేశముననే తయారుచేసి విడుదల చేసినది. అంతకుముందు విదేశములనుండి వచ్చు టీకా సామాన్యులు కొనలేనంత ప్రియముగా నుండెడిది. నేడు శిశువులకు పుట్టిన 24 గంటలలోగా దీనిని ఉచితముగా వేయుచున్నారు. కాని నడివయస్సు రైతులు పుట్టిన కాలమున ఈ ఏర్పాటు లేదు. బిడ్డకు రక్షణ యుండి, పెంటకుప్ప తిరుగవేయు తండ్రికి లేకపోవుట తరచుగా జరుగుచున్నది. పెద్దలు మొదటి మోతాదు పిదప నెలకు రెండవది, ఆరు నెలలకు మూడవది వేయించుకొనవలెను.

పశువుల రక్తము

పై మూడు వ్యాధులును పశువులనుండి రావు. కాని పశువులకు వాడిన సూదియు, వాని రక్తమును వేరు విధముల హాని చేయును. గాలికుంటు టీకాలలో నూనె కలిసి యుండుట కలదు. అది వ్రేలిలోనికి పోయినచో గాయము చిన్నదిగా కనబడినను లోపల వ్రేలు చెడవచ్చును. ఈసుడు రోగమునకు వేయు టీకాలో బ్రతికియున్న క్రిములుండును. ఏ టీకా గుచ్చుకొన్నను, దాని సీసాను వెంట తీసికొని తక్షణము వైద్యుని చూడుడు. ఈసుకుపోయిన దూడను, మావిని వట్టి చేతులతో తాకరాదు.

పశువు హఠాత్తుగా చచ్చి ముక్కునుండి, గుదమునుండి గడ్డకట్టని నల్లని రక్తము కారుచున్నచో దొమ్మరోగమని అనుమానింపవలెను. దానిని కోయరాదు, చర్మము తీయరాదు, మాంసము తినరాదు. పశువైద్యునకు కబురుపెట్టి, ఆయన చెప్పినట్లు సున్నము వేసి లోతుగా పాతిపెట్టుడు. అట్టి పశువును తాకినవారి చేతిపై నల్లని పెచ్చు కట్టిన పుండు లేచినచో వెంటనే ఆసుపత్రికి పోవలెను.

పిడుదులను వ్రేళ్లతో నలుపరాదు. 2011లో గుజరాతున, పిడుదులద్వారా వచ్చు క్రిమియన్ కాంగో జ్వరముతో ఒక స్త్రీ మరణింపగా, ఆమెకు చికిత్స చేసిన వైద్యుడును, నర్సును అదే జ్వరమునకు బలియైరి. కొట్టములోని రోగము ఆసుపత్రివరకు పోగలదనుటకు ఇదియే నిదర్శనము.

వాడిన సూదికి మరల మూత పెట్టవలదు. మూతగల గట్టి ప్లాస్టిక్ డబ్బాలో వేసి పశువైద్యశాలలో అప్పగింపుడు. నేలపై చిందిన రక్తముపై, లీటరు నీటికి 30 గ్రాముల బ్లీచింగు పొడి కలిపిన నీరు పోసి, ఇరువది నిమిషముల తరువాత చేతితొడుగులు ధరించి కడుగుడు. కొట్టములో ఒక సబ్బు, ఒక జత రబ్బరు తొడుగులు, ఒక గట్టి డబ్బా ఎల్లప్పుడు ఉంచుకొనుడు. మీ ఇంటివారికి, మీయొద్ద పనిచేయు కూలీలకును ఈ సంగతులు తెలియజెప్పుడు.