రాక్షసుడి ప్రాణం చిలకలోనే ఎందుకు?

పుదుచ్చేరి నుంచి కడలూరు పోయే రోడ్డు మీద మా మురుంగపాక్కం ఉంది. ఇక్కడ తెలుగువాళ్లలో కొందరు యానాం నుంచి ఉద్యోగాల మీద వచ్చినవాళ్లు. ఇంకొందరి తాతముత్తాతలు ఎప్పుడో తమిళదేశం వచ్చి స్థిరపడ్డారు. వాళ్లకు ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. పిల్లల చేతిలో రిమోట్ తమిళ చుట్టి టీవీకీ తెలుగు ఖుషి టీవీకీ మధ్య తిరుగుతూ ఉంటుంది. రాజులు, రాక్షసులు, మాంత్రికుల కథల గురించి తల్లులు అడిగే సందేహాలు కొన్ని ఎప్పుడూ ఉండేవే. వాటికి తొందరపడి అవునని, కాదని చెప్పేయడం నాకిష్టం లేదు. ఒక్కొక్కటే చూద్దాం.

“చెప్పిన కథే మళ్లీ చెప్పమంటాడు అక్కా. ఏడు చేపల కథ వాడికి నోటికొచ్చు. అయినా రోజూ అదే. ఎందుకంటావ్?”

ఆ కథ ఎలా కట్టారో చూడండి. రాజుగారి కొడుకులు ఏడుగురూ ఏడు చేపలు తెచ్చి ఎండబెడతారు. ఒకటి ఎండదు. గడ్డిమోపు అడ్డొచ్చిందంటుంది. గడ్డిమోపు ఆవు మీద చెబుతుంది, ఆవు గొల్లవాడి మీద, గొల్లవాడు అన్నం పెట్టని అవ్వ మీద, అవ్వ ఏడ్చే పిల్లవాడి మీద, పిల్లవాడు కుట్టిన చీమ మీద. చీమ మాత్రం ఎవరి మీదా చెప్పదు. తన పుట్టలో వేలు పెడితే ఊరుకోవాలా అని నిలదీస్తుంది.

మూడేళ్ల పిల్లవాడికి ఇందులో ఎంత ఉందో! జరిగిన ప్రతిదానికీ వెనక ఒక కారణం ఉంటుంది, ఆ కారణానికి ఇంకో కారణం ఉంటుంది. వెతుక్కుంటూ పోతే రాజుగారి ఇంటి సంగతి చీమ పుట్ట దగ్గర తేలుతుంది. అంత చిన్న ప్రాణికీ తన న్యాయం తనకుంది. ఇదంతా ఒక్క వాక్యం కూడా బోధించకుండా చెప్పిన కథ. ఇక పొద్దుట లేచింది మొదలు ఏం తినాలో, ఏ చొక్కా వేసుకోవాలో అన్నీ పెద్దవాళ్లే చెప్పే పిల్లవాడికి, తర్వాత ఏం రాబోతోందో మనకన్నా ముందు చెప్పగలిగే చోటు ఇదొక్కటే. కావాలని ఆవును వదిలేసి గొల్లవాడి దగ్గరికి దూకి చూడండి, ఊరుకోడు.

మాటలు వంటబట్టేదీ ఇలాగే. 2011లో ఇంగ్లండ్‌లో జెస్సికా హోర్స్ట్ బృందం మూడేళ్ల పిల్లల్లో కొందరికి అవే కథలు పదే పదే చదివింది, కొందరికి ప్రతిసారీ కొత్త కథ చదివింది. పిల్లలు ఎరగని మాటలు మాత్రం అందరికీ సమానంగా వినిపించాయి. వాటిని బాగా నేర్చుకున్నది ఒకే కథను మళ్లీ మళ్లీ విన్నవాళ్లు. కథ తెలిసిపోయినప్పుడు మనసుకు మాటను పట్టుకునే తీరిక దొరుకుతుంది. కాబట్టి విసుక్కోకండి, మళ్లీ చెప్పండి.

“మాయల ఫకీరు పేరెత్తితే రాత్రి నన్ను పట్టుకుని పడుకుంటుంది. భయపెట్టే కథలు అసలెందుకు చెప్పాలి?”

దీనికి కాస్త నెమ్మదిగా జవాబు చెప్పాలి.

భయం కథతో పుట్టదు, అంతకుముందే ఉంటుంది. అమ్మ కనిపించకపోవడం, చీకటి, బడిలో గట్టిగా అరిచే పెద్దమనిషి, ఇంట్లో మారిపోయిన గొంతులు: పిల్లలు వీటికి పేరు పెట్టలేరు. ఎక్కడినుంచి వస్తుందో, ఎప్పుడు పోతుందో తెలియని భయం అది. మాయల ఫకీరున్న బాలనాగమ్మ కథ ఆ భయానికి ఒక ఒళ్లు, ఒక గడ్డం, ఒక కోట ఇస్తుంది. అంతకన్నా ముఖ్యంగా దాని ప్రాణం ఎక్కడుందో చెబుతుంది. ఏడు సముద్రాల అవతల, ఒక చిలకలో. ఫకీరును ఎదిరించడం పిల్లవాడి వల్ల కాదు. చిలక మాత్రం బాలనాగమ్మ కొడుకు బాలవర్ధి చేతిలో పడుతుంది, అది పిల్లచేతిలో ఇమిడేంత ఉంటుంది.

నా దృష్టిలో చిలకలో ప్రాణం దాచిన ఈ ఊహకు సాటి వచ్చేది జానపద కథల్లో ఇంకొకటి లేదు. ప్రపంచమంతా ఉన్న ఊహ ఇది. కథలకు నంబర్లిచ్చి వర్గాలు చేసిన జానపద పండితులు దీన్ని 302వ రకంలో పెట్టారు. రష్యాలో అమరుడైన కోష్చేయ్ ప్రాణం సూది మొనలో, ఆ సూది గుడ్డులో, గుడ్డు బాతులో ఉంటుంది. ఇన్ని దేశాల ముసలమ్మలకు తట్టిన విషయం ఒక్కటే: ఎంత పెద్ద భయానికైనా చేతికందే చోటొకటి ఉంటుందని పిల్లకు చెప్పాలి.

నిజం కాదని తెలిసినా భయపడతారెందుకు? 1991లో పాల్ హారిస్ బృందం నాలుగు నుంచి ఆరేళ్ల పిల్లలకు ఖాళీ పెట్టె చూపించి, అందులో రాక్షసుడున్నాడని ఊహించుకోమంది. అంతా ఉత్తుత్తిదేనని పిల్లలే చెప్పారు. అయినా పరిశోధకులు బయటికి వెళ్తామంటే కొందరు చిన్నవాళ్లు వెళ్లొద్దన్నారు. ఒంటరిగా వదిలితే కొందరు ఆ పెట్టె దగ్గరికే పోయారు. భయమూ కుతూహలమూ కలిసే ఉంటాయి. కథ వినేటప్పుడు పిల్ల మీ కొంగు పట్టుకుని కూడా “ఊఁ” కొట్టడం ఆపదు, గమనించారా?

మనస్తత్వవేత్త బ్రూనో బెటెల్‌హైమ్ 1976లో ఇలాంటి కథల మీద పెద్ద పుస్తకమే రాశాడు. పిల్లలకు లోపలి అలజడిని దాటడానికి ఇవి తోవ చూపుతాయన్నాడు. ప్రతి కథకూ ఒకే తాళంచెవి పెట్టి తిప్పడం నాకు నచ్చదు గానీ, రాక్షసుణ్ణి కథలోంచి తీసేస్తే పిల్లలోని భయం పోదన్న మాట మాత్రం ఒప్పుకుంటాను. అలాగని కథలో ఏదీ మార్చకూడదని కాదు. గ్రిమ్ సోదరుల 1812 నాటి మొదటి సంపుటంలో స్నోవైట్‌ను చంపించబోయింది కన్నతల్లే. 1819 కూర్పుకొచ్చేసరికి ఆమె సవతితల్లి అయింది. ఆ మార్పు భారం అప్పటినుంచి ఎందరో సవతితల్లులు మోస్తున్నారు. మీ ఇంట్లోనో పక్కింట్లోనో అలాంటి అమ్మ ఉంటే ఆ పాత్రను మార్చి చెప్పండి. రాకుమారి తెల్లగానే ఉండాలని, రాక్షసుడు నల్లగానే ఉండాలని, ఆడపిల్ల కోటలో ఎదురుచూస్తూ కూర్చోవాలని కూడా లేదు. నోటితో చెప్పే కథను చెప్పేవాళ్లు ఎప్పుడూ మార్చుకుంటూనే వచ్చారు. నెత్తురు వర్ణనలు తగ్గించండి. ముగింపును మాత్రం తగ్గించకండి. చిలక దొరికేదాకా చెప్పి తీరాలి. పిల్ల సగంలో నిద్రపోతే మర్నాడు అక్కడినుంచే ఎత్తుకోండి.

పేదరాశి పెద్దమ్మను కూడా మర్చిపోకండి. రాకుమారుడు ఏ కొత్త ఊరెళ్లినా ఆమె ఇల్లు ఉంటుంది, అన్నం పెడుతుంది, ఊళ్లో సంగతులు చెబుతుంది. మొదటిసారి బడికెళ్లే పిల్లకు రాక్షసుడు ఎంత అవసరమో, బయటి లోకంలో ఒక పెద్దమ్మ ఉంటుందన్న నమ్మకమూ అంతే అవసరం.

“సరే, బుద్ధి పెరుగుతుందంటారు. అదెలా?”

కోతి, మొసలి కథ చెప్పి చూడండి. పంచతంత్రం నాలుగో భాగంలోది. మొసలి పెళ్లాం కోతి గుండె కావాలంటుంది. మొసలి కోతిని వీపున ఎక్కించుకుని బయల్దేరుతుంది. నడినీళ్లలో సంగతి బయటపడగానే, గుండెను చెట్టు మీదే వదిలొచ్చానంటుంది కోతి. మూడేళ్ల పిల్ల అయోమయంగా చూస్తుంది, గుండె లోపలే ఉంది కదా అన్నట్టు. ఐదేళ్లది పకపకా నవ్వుతుంది. కోతికి తెలిసింది మొసలికి తెలియదని దానికి అర్థమైంది. ఎదుటివాళ్ల మనసులో తప్పు నమ్మకం ఉండొచ్చని పిల్లలకు ఇంచుమించు నాలుగేళ్ల ప్రాంతంలో తెలుస్తుందని, 1983లో విమ్మర్, పెర్నర్ అనే ఇద్దరు మనస్తత్వవేత్తలు చాక్లెట్ దాచే ఒక చిన్న బొమ్మకథతోనే చూపించారు. కథ వింటున్నప్పుడు పిల్ల ఒకేసారి కోతిలాగా, మొసలిలాగా ఆలోచించాల్సి వస్తుంది. రోజూ ఆ సాధన జరగడం చిన్న సంగతి కాదు.

ఈ కథలకు మా పుదుచ్చేరితో ఇంకో చుట్టరికం కూడా ఉంది. పంచతంత్రం అరబ్బుల మీదుగా యూరప్ చేరింది. ఫ్రెంచి కవి లా ఫోంటేన్ 1678 నాటి తన నీతికథల సంపుటంలో భారతీయ పండితుడు పిల్పేకు తాను రుణపడ్డానని రాసుకున్నాడు. తర్వాత పుదుచ్చేరికి వచ్చిన ఫ్రెంచి మతగురువు అబే దుబువా తెలుగు, తమిళ, కన్నడ ప్రతులు దగ్గర పెట్టుకుని పంచతంత్రాన్ని ఫ్రెంచిలోకి తెచ్చి 1826లో అచ్చువేయించాడు.

“పిల్లల సంగతి సరే. పెద్దవాళ్లు కూడా టీవీ ముందు నాగినికి, మంత్రగత్తెకు అతుక్కుపోతారెందుకు?”

గుణాఢ్యుడి ఐతిహ్యం దీనికి మంచి జవాబు. శాతవాహన రాజు తన బృహత్కథను తిరస్కరించాడని గుణాఢ్యుడు అడవిలో కూర్చుని ఒక్కో ఆకూ చదివి మంటల్లో వేస్తుంటే జంతువులు మేత మానేసి కన్నీళ్లతో విన్నాయట. వాటి మాంసం తిన్న రాజుకు జబ్బు చేసి, కారణం ఆరా తీస్తే ఈ సంగతి బయటపడింది. అప్పటికి ఆరు లక్షల శ్లోకాలు బూడిదైపోయాయి. కథ కోసం ఆకలి మర్చిపోవడం పిల్లలకే పరిమితం కాదని ఇది చెప్పినవాళ్లకు బాగా తెలుసు.

టీవీకి ఈ కథలు కుదరడానికి వాటి నిర్మాణమే కారణం. విక్రమార్కుడు నోరు విప్పగానే బేతాళుడు చెట్టెక్కేస్తాడు, మళ్లీ మొదలు. ఇంతకన్నా మంచి సీరియల్ కట్టు ఎవరు కనిపెట్టగలరు? 1947 జులైలో నాగిరెడ్డి, చక్రపాణి మొదలుపెట్టిన చందమామ ఆ కట్టు మీదే పాతిక కథలను దాటి ఏళ్ల తరబడి కొత్త బేతాళ కథలు నడిపింది. శంకర్ గీసిన, భుజాన శవంతో నడిచే విక్రమార్కుడి బొమ్మ చూడని తెలుగువాళ్లు మా తరంలో తక్కువ. ఆ ఇద్దరే నిర్మించిన పాతాళభైరవి 1951లో తోటరాముణ్ణి తెర మీదికి తెచ్చింది. 1985లో రామానంద్ సాగర్ బేతాళుణ్ణి దూరదర్శన్‌కు తెచ్చారు. అమెరికాలో 2011 అక్టోబరులో, రోజుల తేడాతో, ‘వన్స్ అపాన్ ఎ టైమ్’, ‘గ్రిమ్’ అనే రెండు జానపద సీరియళ్లు మొదలై ఏళ్ల తరబడి నడిచాయి. 2015లో హిందీ నాగిన్ వచ్చింది. ఆఫీసులో, బ్యాంకులో, ఆస్పత్రిలో ఎవరి చేతిలో మన పని ఆగిపోయిందో తెలియని రోజుల్లో, శాపానికి విరుగుడు ఫలానా అని తెలిసిన లోకం పెద్దవాళ్లను కూడా రమ్మని పిలుస్తుంది. అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు.

పేచీ ఒక్క చోటే ఉంది. అవ్వ చెప్పే కథకు ఆ రాత్రికో, రెండో రాత్రికో చిలక దొరుకుతుంది. రోజువారీ సీరియల్‌కు చిలక దొరికిందంటే సీరియలే అయిపోతుంది. అందుకని ప్రతి రాత్రీ సరిగ్గా భయం పతాకస్థాయిలో ఉండగా తెంచేస్తారు. మనం తట్టుకుంటాం. ఒళ్లో కూర్చున్న నాలుగేళ్ల పిల్ల ఆ తెగిన భయంతోనే పడుకుంటుంది. హైదరాబాద్ గ్రీన్ గోల్డ్ సంస్థ 2008లో తెచ్చిన ఛోటా భీమ్‌లో కూడా రాజు, రాకుమారి, మాంత్రికులు ఉన్నారు. దాని మీద ఎన్ని ఫిర్యాదులున్నా, మొదలుపెట్టిన కథ అప్పటికప్పుడు ముగుస్తుంది. పిల్లల ముందు ఏది పెట్టాలో తేల్చుకోవడానికి నేను మొదట చూసేది అదే.

“మరి టీవీయే ఇన్ని కథలు చెబుతుంటే మేమెందుకు చెప్పడం? పైగా మా పిల్లలు చదివేది తమిళం, ఇంగ్లిషు.”

2003లో పట్రీషియా కూల్ బృందం అమెరికాలో తొమ్మిది నెలల పసివాళ్లకు చైనా భాష వినిపించింది. కొందరికి ఎదుట కూర్చున్న మనుషులు, కొందరికి అవే మాటలు వీడియోలో. మనుషుల దగ్గర విన్న పిల్లలు ఆ భాష ధ్వనుల తేడా పట్టుకున్నారు, వీడియో చూసినవాళ్లు పట్టుకోలేదు. ఇంట్లో మాత్రమే తెలుగు వినపడే మనకు ఇది చాలా దగ్గరి సంగతి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఏడాది పిల్లలకు టీవీ వద్దంది. రెండు నుంచి నాలుగేళ్ల వాళ్లకు రోజుకు గంట మించొద్దంది, తగ్గితే ఇంకా మంచిదంది.

రెండు భాషల ఇల్లు అడ్డమేమీ కాదు. కి. రాజనారాయణన్ గారు కోవిల్‌పట్టి దగ్గర ఇడైసెవల్‌లో తెలుగు మాట్లాడే ఇంట్లో పుట్టారు. తమిళంలో రాసి, జానపద కథలు సేకరించి, 1991లో సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్నారు. డిగ్రీ లేకున్నా పుదుచ్చేరి విశ్వవిద్యాలయంలో జానపద సాహిత్యం చెప్పారు. 2021 మేలో పుదుచ్చేరిలోనే కన్నుమూశారు. ఆయన ‘కదవు’ కథలో పేదింటి పిల్లలు వీధితలుపుకు వేలాడి, అదే బస్సని టిక్కెట్లు కోసి ఆడుకుంటారు. పన్ను కట్టలేదని ఆ తలుపునే ఊడదీసి పట్టుకుపోతారు. పెద్దవాళ్లకు పోయింది తలుపు, పిల్లలకు పోయింది బస్సు. ఒక చెక్కలో బస్సును చూసే ఆ శక్తిని కథ వినేటప్పుడు పిల్ల వాడుకుంటుంది. ఫకీరు గడ్డం ఎంత పొడుగో తనే నిర్ణయించుకుంటుంది, తను తట్టుకోగలిగినంతే. తెర మీద ఆ గడ్డం ఎంతుండాలో ఇంకెవరో ముందే తేల్చేసి ఉంటారు.

అందుకని టీవీ కట్టేయమని నేననను. పక్కన కూర్చోండి. 1988లో వైట్‌హర్స్ట్ బృందం తల్లిదండ్రులకు నేర్పింది చిన్న పనే: పుస్తకం చదువుతూ మధ్యలో ఆగి, అవునో కాదో అని తేలిపోని ప్రశ్న అడగడం. అలా అడిగించుకున్న పిల్లల మాట ముందుకు సాగింది. కార్టూన్‌కూ అదే చేయొచ్చు. గ్రీన్ గోల్డ్ వాళ్లదే ‘మైటీ లిటిల్ భీమ్’ 2019లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది, దాంట్లో సంభాషణలే లేవు. తెలుగు మాట మీరే వేయొచ్చు. తమిళ కార్టూన్ చూస్తుంటే, అవ్వకు అర్థం కాలేదట, తెలుగులో చెప్పమని పిల్లను పంపించండి. మాట దొరక్క తమిళం కలిపితే దిద్దకండి. కథ పూర్తిగా చెప్పనివ్వండి.