ఋతువులను కనిపెట్టు చిన్న కన్నులు

వేప యెప్పుడు పూచునని రెండవ తరగతి పిల్లల నడిగినచో "ఉగాదికి" అని తడుముకొనక చెప్పుదురు. పుస్తకములో నట్లున్నది, ఇంటి పెద్దలును అట్లే చెప్పుదురు. కాని "ఈ సంవత్సరము మన బడి వాకిటనున్న వేప యేనాడు పూచినది?" అని యడిగినచో పిల్లలే కాదు, వారికి పాఠము చెప్పు మేమును జవాబు చెప్పలేకపోతిమి. ఇట్టి చిన్న ప్రశ్నలకు జవాబు వెదకుటకై దూరదూరముల నున్న పాఠశాలలు కూడి చేయు నొక పనిని గూర్చి యిచ్చట విన్నవింప దలంచితిమి.

పని యేమనగా: అనేక స్థలములయందలి పిల్లలు ఒకే విధమైన వస్తువును ఒకే రీతిని కనిపెట్టి, చూచినది చూచినట్లు వ్రాసి, ఆ వ్రాతలను అంతర్జాలము మూలమున నొకచోట చేర్చుదురు. ఋతువు అందఱి వాకిటికిని వచ్చును గనుక, ఆఱేండ్ల బిడ్డయు నిందు పాలు పొందవచ్చును.

ఉత్తర అమెరికాలో 1994వ సంవత్సరమున "జర్నీ నార్త్" అను నిట్టి కార్యము ఆరంభమయ్యెను. అందు పాల్గొన్న పిల్లలు శరత్కాలమున ఒకే జాతి యెఱ్ఱ ట్యూలిప్ దుంపలను తమ బడితోటలలో నాటిరి. ట్యూలిప్ చక్కగా పూయుటకు దుంపకు కొన్ని వారముల చలి తగులవలయును. చలి చాలని దక్షిణ ప్రాంతములలో దుంపలను ముందుగా శీతలపు పెట్టెలో నుంచి, పిమ్మట నాటుదురు. వసంతమున మొలక భూమిని చీల్చుకొని వచ్చిన దినమును, పువ్వు విచ్చిన దినమును పిల్లలు వ్రాసి పంపిరి. ఆ తేదీలను పటముపై గుర్తించినప్పుడు, వసంతము దక్షిణమునుండి మెల్లమెల్లగా ఉత్తరమునకు నడచిపోవుట వారి కంటికి కనబడెను. దుంపలన్నియు నొకే జాతివి గనుక, పూచుటలోని ముందువెనుకలు చాలవఱకు ఆయా చోట్ల శీతోష్ణములవలన గలిగినవే యని తెలిసికొనిరి. ఒక్క తోట యెన్నడును నేర్పలేని పాఠమిది.

మన దేశమున 2010వ సంవత్సరమున "సీజన్‌వాచ్" అను కార్యము మొదలయ్యెను. ఇందు ట్యూలిప్ లేదు. మామిడి, చింత, వేప, పనస, రేల మున్నగు మన చెట్లే కలవు. ఒక చెట్టును ఎన్నుకొని, వారమున కొకసారి అదే చెట్టును చూచి, ఆకులు, పువ్వులు, కాయలు "లేవు", "కొద్దిగా కలవు", "విస్తారముగా కలవు" అని గుర్తింపవలయును. కేరళ దేశపు పాఠశాలల పిల్లలు ఇందు మిక్కిలి పాటుపడిరి. అచ్చట ఏప్రిల్ నెల నడుమ వచ్చు విషు పండుగకు రేలపువ్వు కావలయును. అయితే పండుగకు చాల ముందుగనే పూచిన రేలచెట్లు పిల్లల పట్టికలలో కనబడినవి. ఒక యేటి వ్రాతతో కారణము నిర్ణయింపరాదు. ఏండ్ల తరబడి వ్రాసిన పట్టికలే ఋతువు జరుగుచున్నదో లేదో తెలుపగలవు. పిల్లల వ్రాతకు విలువ యిచ్చటనే యున్నది. ఆ విలువ వ్రాయువాని సత్యముపై ఆధారపడి యున్నది.

ఈ సంగతి మాకు మా రెండవ తరగతిలోని యొక బాలిక నేర్పినది. బడి వాకిటి వేపను మేము ప్రతి సోమవారమును కనిపెట్టుచుంటిమి. ఉగాదికి ముందు సోమవారమున 38 మంది పిల్లలలో 37 మంది "పువ్వులు కలవు" అని వ్రాసిరి. ఆ బాలిక మాత్రము "లేవు" అని వ్రాసినది. చదువులో వెనుకబడిన పిల్ల గదా యని తలంచి, చేతనున్న యెఱ్ఱ పెన్సిలుతో మేమా మాటను కొట్టివేసితిమి. ఆమె ఏడ్వలేదు. "మాస్టారండీ, ఒక్కసారి వచ్చి చూడండి" అని మాత్ర మన్నది. వెళ్లి తలయెత్తి చూచితిమి. కొమ్మల చివరల రాగివన్నె లేత చిగుళ్లు తప్ప ఒక్క పువ్వైనను లేదు. తక్కిన పిల్లలు పుస్తకమును వ్రాసిరి. మేము పుస్తకమును దిద్దితిమి. ఆమె చెట్టును వ్రాసినది. తరగతి యెదుట మా తప్పు నొప్పుకొని "లేవు" అనియే పంపితిమి. పువ్వు రెండు వారముల పిమ్మట వచ్చినది.

"లేవు" అను మాట సున్న వంటిదని పిల్లలు సిగ్గుపడుదురు. అది పొరపాటు. ఏనాటివఱకు పువ్వు లేదో వ్రాసియుండనిచో, ఏనాడు వచ్చినదో యెట్లు తెలియును? ఉపాధ్యాయుని సంతోషపెట్టుటకై వ్రాసిన "కలవు"కంటె ఎండలో నిలిచి చూచి వ్రాసిన "లేవు" వేయి రెట్లు మేలు.

పిల్లలకు సెల్‌ఫోను అలవాటగునేమో యని తలిదండ్రులు కొందఱు మమ్ము నడిగిరి. వారి భయము న్యాయమైనదే. ఈ పనిలో యంత్రము తపాలా బంట్రోతు వంటిది. ఉత్తరము వ్రాయవలసినది పిల్లల కన్నులే. తరగతి కంతకును ఉపాధ్యాయుని యొక్క ఫోను చాలును. వ్రాయలేని చిన్నవారు బొమ్మ గీయుదురు; లెక్కింపవలసినప్పుడు చింతగింజలు పేర్చుదురు. పంపుటకు ముందు పట్టికను మేము బిగ్గరగా చదువుదుము. అందఱును సరియన్న పిమ్మటనే పంపుదుము. పిల్లల పేర్లను గాని ఛాయాచిత్రములను గాని పంపము. చెట్టు సమాచారమే పంపుదుము. ఇందు పట్టు కాలము వారమునకు పావుగంట.

తలిదండ్రులారా, సోమవారము సాయంకాలము మీ బిడ్డ యింటికి వచ్చినప్పుడు "ఈ దినము చెట్టున నేమి చూచితివి?" అని యడుగుడు. "ఏమియు లేదు" అని చెప్పినచో కోపింపకుడు. చూచియే చెప్పినదా యని మాత్రము విచారింపుడు. చూచియే చెప్పినచో, ఆ దినపు పాఠము చక్కగా వచ్చినట్లే.